హ్యాష్‌సెట్‌ని ఇన్‌హెరిట్ చేశాను, మావయ్య షాపులో 12 ఫోన్లు "మాయం" అయ్యాయి: డెలిగేషన్ అంటే ఏంటో అప్పుడు అర్థమైంది

ఇక్కడ ఎక్కువగా ఫోన్ల రివ్యూలు, కెమెరా పోలికలే చదువుతుంటారు కదా. ఈసారి ఆ ఫోన్లలో నడిచే యాప్‌ల లోపలికి వెళ్దాం. టాపిక్ పేరు డెలిగేషన్. అంటే ఒక ఆబ్జెక్ట్ తన దగ్గరికి వచ్చిన మెథడ్ కాల్‌ని తను చెయ్యకుండా ఇంకో ఆబ్జెక్ట్‌కి అప్పగించడం. బీటెక్‌లో దీన్ని నాకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. యానిమల్ క్లాస్, దాని కింద డాగ్ క్లాస్, డాగ్ మొరుగుతుంది, అక్కడితో ఓఓపీ యూనిట్ అయిపోయింది. ఇన్‌హెరిటెన్స్ అంటే గొప్ప విషయం అన్న భ్రమతోనే బయటికొచ్చాను. ఆ భ్రమ పోగొట్టింది విజయనగరంలో మా మావయ్య షాపు.

మావయ్యకి గంటస్తంభం దగ్గర చిన్న మొబైల్ షాపు ఉంది. నేను వైజాగ్‌లో ఉద్యోగం. శని, ఆదివారాలు కూర్చుని ఆయన కోసం ఒక స్టాక్ యాప్ రాసిచ్చాను. ఫోన్ రాగానే దాని ఐఎంఈఐ స్కాన్ చెయ్యడం, అమ్మినప్పుడు మళ్లీ స్కాన్ చెయ్యడం, అంతే. ప్రతి ఫోన్‌కీ 15 అంకెల ఐఎంఈఐ వేరుగా ఉంటుంది కాబట్టి వాటిని ఒక సెట్‌లో పెట్టాను. ఒకే ఫోన్‌ని రెండుసార్లు స్కాన్ చేసినా సెట్‌లో ఒక్కసారే ఉంటుంది. డ్యూయల్ సిమ్ ఫోన్‌కి రెండు ఐఎంఈఐలు ఉంటాయి, అందులో మొదటిదే తీసుకున్నాను.

పైగా ఒక తెలివైన ఫీచర్ కూడా పెట్టాను. ఇప్పటివరకు వచ్చినవి ఎన్ని, అమ్మినవి ఎన్ని, ఆ రెండింటి తేడా ప్రకారం షాపులో ఉండాల్సినవి ఎన్ని. రాత్రి షట్టర్ వేసేముందు బీరువాలో లెక్కపెట్టి ఆ అంకె ఎంటర్ చేస్తే, సరిపోకపోతే ఎర్ర రంగులో "తేడా" అని చూపిస్తుంది. ఆ స్క్రీన్ చూసి చాలా గర్వపడ్డాను కూడా.

దసరా అయిపోయింది. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం జరుగుతుంది, ఆ వారమంతా విజయనగరంలో బేరాలు మామూలుగా ఉండవు. రష్ ఉంటుందని మావయ్య ముందే ఒక మోడల్‌వి 12 ఫోన్ల బాక్స్ తెప్పించారు. అప్పటిదాకా ఫోన్లు ఒకటి రెండు చొప్పున వచ్చేవి, ఒక్కొక్కటి స్కాన్ చేసేవాళ్లు. ఈ బాక్స్‌తో ఐఎంఈఐల లిస్టు ఫైల్ కూడా వచ్చింది. నేను యాప్‌లో పెట్టిన "మొత్తం కలుపు" బటన్ మొదటిసారి నొక్కారు.

ఆ రాత్రే ఫోన్. "ఒరే అబ్బీ, నీ యాప్ పన్నెండు ఫోన్లు తేడా అంటంది. బీరువాలో నేవు. ఏటి సెయ్యాల?"

ఒక్కో ఫోన్ 9,000 వేసుకున్నా 1,08,000 రూపాయలు. షాపులో మావయ్య కాకుండా ఉండేది ఒక్క కుర్రోడు. ఇంటర్ అయ్యాక పనిలో చేరాడు, బీరువా తాళం వాడి దగ్గరే ఉంటుంది. మావయ్య వాడిని తిట్టలేదు, కొట్టలేదు. "తాళం ఇలా ఇచ్చీ" అన్నారట, అంతే. వాడు తాళం కౌంటర్ మీద పెట్టి ఇంటికెళ్లిపోయాడు. మర్నాడు పనికి రాలేదు.

నాకు వాడే ఫోన్ చేశాడు. "అన్నా, నాను తియ్యలేదు. పోయిన పన్నెండు ఫోన్ల నంబర్లు ఏవో సెప్పండి. సీసీ కెమెరాలో ఏ రోజు బయటికెళ్లాయో సూద్దారి."

నిజంగా సిగ్గేసింది. ఆ ప్రశ్న నాకు తట్టాలి కదా. ల్యాప్‌టాప్ తీసి, సెట్‌లో ఉన్న ఐఎంఈఐలకీ బీరువాలో ఉన్న ఐఎంఈఐలకీ తేడా తీయించాను. లిస్టు ఖాళీగా వచ్చింది. ఒక్క నంబరు కూడా పోలేదు! సెట్‌లో ఉన్నవన్నీ బీరువాలో ఉన్నాయి. తప్పు "వచ్చినవి" అనే కౌంటర్‌లో ఉంది. 12 ఫోన్లు వస్తే అది 24 లెక్కపెట్టింది.

ఇక కోడ్ చూద్దాం

ఇది కోట్లిన్. ఈ పేజీ అంతా తెలుగు అక్షరాల్లో ఉంది కాబట్టి కోడ్‌ని కూడా అలాగే రాస్తున్నాను, మీరు ఎడిటర్‌లో కొట్టేటప్పుడు కీవర్డులు ఎప్పటిలాగే ఇంగ్లీషులో కొట్టుకోండి.

క్లాస్ స్టాక్‌సెట్ : హ్యాష్‌సెట్<స్ట్రింగ్>() {
    వార్ వచ్చినవి = 0

    ఓవర్‌రైడ్ ఫన్ యాడ్(నంబరు: స్ట్రింగ్): బూలియన్ {
        వచ్చినవి++
        రిటర్న్ సూపర్.యాడ్(నంబరు)
    }

    ఓవర్‌రైడ్ ఫన్ యాడ్‌ఆల్(లిస్టు: కలెక్షన్<స్ట్రింగ్>): బూలియన్ {
        వచ్చినవి += లిస్టు.సైజ్
        రిటర్న్ సూపర్.యాడ్‌ఆల్(లిస్టు)
    }
}

ముందుకెళ్లే ముందు ఒక్క నిమిషం ఆగి తప్పు ఎక్కడుందో వెతకండి. నేను రెండు నెలలు చూడలేకపోయాను.

ఒక ఫోన్ వస్తే ఒకటి పెంచు. లిస్టు వస్తే లిస్టులో ఎన్ని ఉన్నాయో అంత పెంచు. చదివితే ఏ తప్పూ కనపడదు. కానీ జావాలో హ్యాష్‌సెట్‌కి వచ్చే యాడ్‌ఆల్ లోపల ఏం చేస్తుందంటే, లిస్టు మీద లూప్ వేసి ఒక్కో ఐటమ్‌కీ యాడ్‌ని పిలుస్తుంది. ఏ యాడ్‌ని? "తన" యాడ్‌ని. ఇక్కడ తను అంటే ఎవరు? ఆబ్జెక్ట్ నా స్టాక్‌సెట్ కాబట్టి, నేను ఓవర్‌రైడ్ చేసిన యాడ్ నడుస్తుంది. అంటే యాడ్‌ఆల్‌లో ముందే 12 కలిపాను. తర్వాత సూపర్ క్లాస్ తిరిగొచ్చి నా యాడ్‌ని పన్నెండుసార్లు పిలిచింది, ఇంకో 12 కలిసింది. 24. సెట్‌లో మాత్రం 12 నంబర్లే.

"అయితే యాడ్‌ఆల్ ఓవర్‌రైడ్ తీసేస్తే సరిపోతుంది కదా" అంటారు. సరిపోతుంది, ఈరోజుకి. కానీ అప్పుడు నా లెక్క సరిగ్గా ఉండటం అనేది హ్యాష్‌సెట్ తన లోపల యాడ్‌ఆల్‌ని ఎలా రాసుకుందో దాని మీద ఆధారపడుతుంది. అది దాని ఇంటి విషయం. అదే జావాలో అర్రేలిస్ట్ తీసుకోండి, దాని యాడ్‌ఆల్ యాడ్‌ని పిలవదు, మొత్తం అర్రేని ఒకేసారి కాపీ చేస్తుంది. రేపు నేను సెట్ బదులు లిస్టు వాడితే బల్క్‌లో వచ్చినవి అసలు లెక్కకే రావు. అప్పుడు తేడా మైనస్‌లో వస్తుంది, ఫోన్లు నిజంగా పోయినా కనపడదు.

ఈ ఉచ్చు నేను కనిపెట్టిందేం కాదు. జాషువా బ్లాక్ 2001లో రాసిన ఎఫెక్టివ్ జావా పుస్తకంలో దాదాపు ఇదే బగ్ ఉంది, అదీ హ్యాష్‌సెట్ మీదే! నేను పుట్టిన రోజుల్లో అచ్చైన తప్పుని, నేను పెద్దయ్యాక మళ్లీ చేశానన్నమాట. జావా లైబ్రరీ రాసినవాళ్లు కూడా దీనికి అతీతులు కాదు. జావా మొదటి వెర్షన్ నుంచీ స్టాక్ అనే క్లాస్ వెక్టర్‌ని ఇన్‌హెరిట్ చేస్తుంది. ఇది మావయ్య షాపు స్టాక్ కాదు, ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే డేటా స్ట్రక్చర్. పైనుంచే పెట్టాలి, పైనుంచే తియ్యాలి. కానీ వెక్టర్‌కి పుట్టింది కాబట్టి మధ్యలోంచి కూడా లాగొచ్చు. పాత కోడ్ విరిగిపోతుందని ఇప్పటికీ దాన్ని సరిచెయ్యలేదు. కొత్త కోడ్‌లో దాని బదులు డెక్ వాడమని డాక్యుమెంటేషన్‌లోనే ఉంటుంది.

వారసత్వం వేరు, అప్పగింత వేరు

మా ఊరు పొందూరు దగ్గర. అక్కడ ఇప్పటికీ ఒక ఇంటిని "కరణం గారి ఇల్లు" అంటారు. ఆ ఇంట్లో ఇప్పుడు కరణం ఎవరూ లేరు. తరతరాలుగా ఒకే కుటుంబాల్లో నడిచిన కరణం, మునసబు పదవులని 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం రద్దు చేసింది. అంతకుముందు ఊళ్లో భూమి లెక్క ఎవరి చేతిలో ఉండాలి అన్నదానికి జవాబు పుట్టుకలో ఉండేది. తండ్రి దస్తరం కొడుక్కి వచ్చేది. దస్తరంతో పాటు తండ్రి పెట్టుకున్న అలవాట్లు, గుట్టుమట్లు, ఎవరికీ తెలియని గుర్తులు అన్నీ వచ్చేవి. ఇన్‌హెరిటెన్స్ అచ్చం ఇలాగే ఉంటుంది. నాకు హ్యాష్‌సెట్ దగ్గర కావాల్సింది నంబర్లు దాచే పని ఒక్కటే. వారసత్వంగా దాని లోపలి అలవాట్లు కూడా వచ్చాయి, యాడ్‌ఆల్ యాడ్‌ని పిలవడంతో సహా.

ఇప్పుడు మీసేవ కౌంటర్ చూడండి. 2011లో వచ్చింది. ఇన్‌కమ్ సర్టిఫికెట్ కావాలంటే కౌంటర్‌లో అప్లికేషన్ ఇస్తాం, రసీదు ఇస్తారు. సర్టిఫికెట్ చేతికి ఇచ్చేదీ ఆ కౌంటర్ అబ్బాయే. కానీ దాని మీద డిజిటల్ సంతకం తాసిల్దారుది. ఆ అబ్బాయి తాసిల్దారు గారి కొడుకు కానక్కర్లేదు. అసలు కొడుకైనా సంతకం చెల్లదు కదా. అతనికి కావాల్సింది తన పని తను చేసుకుని (రుసుము తీసుకోవడం, రసీదు ఇవ్వడం), తనది కాని పనిని సరైన చోటికి పంపి, వచ్చిన జవాబు మనకి ఇవ్వడం. కౌంటర్ ముందు నిలబడ్డ మనకి లోపల ఎవరు చేశారన్నది పట్టదు. ఇది డెలిగేషన్.

కోడ్ భాషలో, స్టాక్‌సెట్ హ్యాష్‌సెట్‌కి వారసుడు కావడం మానేసి, ఒక హ్యాష్‌సెట్‌ని తన లోపల పెట్టుకుంటుంది.

క్లాస్ స్టాక్‌సెట్(
    ప్రైవేట్ వాల్ లోపలి: మ్యూటబుల్‌సెట్<స్ట్రింగ్> = హ్యాష్‌సెట్()
) : మ్యూటబుల్‌సెట్<స్ట్రింగ్> బై లోపలి {
    వార్ వచ్చినవి = 0

    ఓవర్‌రైడ్ ఫన్ యాడ్(నంబరు: స్ట్రింగ్): బూలియన్ {
        వాల్ కొత్తదా = లోపలి.యాడ్(నంబరు)
        ఇఫ్ (కొత్తదా) వచ్చినవి++
        రిటర్న్ కొత్తదా
    }

    ఓవర్‌రైడ్ ఫన్ యాడ్‌ఆల్(లిస్టు: కలెక్షన్<స్ట్రింగ్>): బూలియన్ {
        వాల్ ముందు = లోపలి.సైజ్
        వాల్ మారిందా = లోపలి.యాడ్‌ఆల్(లిస్టు)
        వచ్చినవి += లోపలి.సైజ్ - ముందు
        రిటర్న్ మారిందా
    }
}

ఆ చిన్న "బై" అనే మాట చూశారా, పనంతా అక్కడే ఉంది. మ్యూటబుల్‌సెట్ అనే ఇంటర్‌ఫేస్ అడిగే రిమూవ్, కంటైన్స్, ఈజ్‌ఎంప్టీ, ఇటరేటర్, క్లియర్ వగైరా మెథడ్‌లన్నిటికీ "లోపలి ఆబ్జెక్ట్‌ని పిలువు" అన్న ఒక్క లైన్ కోడ్‌ని కంపైలరే తయారుచేసి పెడుతుంది. జావాలో అయితే అవన్నీ చేత్తో రాసుకోవాలి. విసుగొచ్చి చాలామంది ఇన్‌హెరిటెన్స్ వైపు వెళ్లిపోతారు, నా అనుమానం నేను కూడా అందుకే వెళ్లాను. ఇన్‌హెరిటెన్స్ కన్నా ఆబ్జెక్ట్‌లని కలిపి కట్టుకోవడం మేలని 1994లో వచ్చిన డిజైన్ ప్యాటర్న్స్ పుస్తకం చెప్పింది. 2016లో 1.0గా వచ్చిన కోట్లిన్ దాన్ని ఒక కీవర్డ్ చేసి చేతికిచ్చింది. ఆండ్రాయిడ్‌కి గూగుల్ కోట్లిన్‌ని అధికారికంగా తీసుకుంది 2017లో.

ఇప్పుడు 12 ఫోన్ల బాక్స్ వేసి చూడండి. లోపలి హ్యాష్‌సెట్ యాడ్‌ఆల్ మళ్లీ యాడ్‌ని పిలుస్తుంది, అలవాటు మారలేదు. కానీ ఈసారి "తను" అంటే ఆ లోపలి హ్యాష్‌సెట్టే. దానికి బయట స్టాక్‌సెట్ అనేది ఒకటుందని కూడా తెలీదు. కాబట్టి దాని సొంత యాడ్ నడుస్తుంది, నాది కాదు. కౌంటర్ 12 దగ్గరే ఆగింది.

ఇంకో లాభం అనుకోకుండా వచ్చింది. ముందు వచ్చిన ఫోన్ ముందు కనపడాలని మావయ్య అడిగారు. హ్యాష్‌సెట్()‌ అన్న చోట లింక్డ్‌హ్యాష్‌సెట్() అని మార్చాను. అంతే, మిగతా కోడ్ ముట్టుకోలేదు.

ఇక్కడే అసలు మెలిక: "నేను" అంటే ఎవరు?

ఇంతవరకు చదివి డెలిగేషన్ అంటే అన్ని రోగాలకీ మందు అనుకోకండి. నెల తిరక్కుండా అదే విషయం నన్ను రెండోవైపు నుంచి కొట్టింది.

అమ్మకాల కోసం ఇంకో క్లాస్ ఉంది. అందులో ఒకటి అమ్మడానికి ఒక మెథడ్, ఒకేసారి చాలా అమ్మడానికి ఇంకోటి. రెండోది లోపల మొదటిదాన్నే లూప్‌లో పిలుస్తుంది. మావయ్యకి ప్రతి ఫోన్ అమ్మినప్పుడూ మెసేజ్ రావాలి. సరే, నేర్చుకున్న పాఠం కదా అని, ఆ క్లాస్‌ని లోపల పెట్టుకుని "బై"తో ఒక కొత్త క్లాస్ రాశాను. ఒకటి అమ్మే మెథడ్‌ని మాత్రం ఓవర్‌రైడ్ చేసి మెసేజ్ పంపించాను. ఒక్కో ఫోన్ అమ్మితే మెసేజ్ వచ్చింది. ఒక కోచింగ్ సెంటర్‌కి ఐదు ట్యాబ్‌లు ఒకేసారి అమ్మితే ఒక్క మెసేజూ రాలేదు. ఎందుకంటే లోపలి ఆబ్జెక్ట్ తన లూప్‌లో తన మెథడ్‌నే పిలుచుకుంది. నా ఓవర్‌రైడ్ దానికి కనపడదు. కోట్లిన్ డాక్యుమెంటేషన్‌లో ఈ హెచ్చరిక స్పష్టంగా ఉంది, నేను చదవకుండా దాటేశాను.

మొదటి బగ్‌లో నన్ను కాపాడినదీ, రెండోదాంట్లో ముంచినదీ ఒకటే. లోపలి ఆబ్జెక్ట్ తనని తాను పిలుచుకున్నప్పుడు, ఆ "తను" ఎవరు?

దీన్ని అక్క పెళ్లితో చెప్తాను, సులువుగా ఎక్కుతుంది. రాజాం వైపు పిలుపులు బాబాయికి అప్పగించాం. శుభలేఖలు, లిస్టు ఇచ్చాం. దారిలో లిస్టులో లేని చుట్టం ఎదురుపడ్డాడు. బాబాయి ఇప్పుడేం చెయ్యాలి? నాన్నకి ఫోన్ చేసి "అన్నయ్యా, ఫలానా ఆయన్ని పిలవమంటావా" అని అడగొచ్చు. లేదా తనకి తోచింది తనే చేసెయ్యొచ్చు. మొదటిదాంట్లో పని బాబాయి చేస్తున్నా నిర్ణయం నాన్నదే, బాబాయి నాన్న తరఫున మాట్లాడుతున్నాడు. రెండోదాంట్లో పని చేతులు మారగానే నిర్ణయం కూడా మారిపోయింది. (మా బాబాయి రెండో రకం. భోజనాల దగ్గర అరవై మంది ఎక్కువొచ్చారు.)

హెన్రీ లీబర్‌మన్ అనే ఆయన 1986లో ఓఓపీఎస్‌ఎల్‌ఏ కాన్ఫరెన్స్‌లో ఇచ్చిన పేపర్‌లో డెలిగేషన్ అని పేరు పెట్టింది మొదటి రకానికే. పని ఇంకో ఆబ్జెక్ట్‌కి వెళ్లినా, "సెల్ఫ్" మాత్రం మొదట కాల్ అందుకున్న ఆబ్జెక్ట్‌గానే ఉండాలి. రెండో రకాన్ని ఫార్వర్డింగ్ అంటారు. ఆ లెక్కన కోట్లిన్ "బై" చేసేది కచ్చితంగా చెప్పాలంటే ఫార్వర్డింగ్. వాడుకలో దీన్నే అందరూ డెలిగేషన్ అంటారు, నేనూ అలాగే అంటున్నాను. ఇంటర్వ్యూలో ఎవరైనా తేడా అడిగితే మాత్రం బాబాయిని గుర్తు చేసుకోండి.

నిజమైన మొదటి రకం చూడాలంటే దూరం వెళ్లక్కర్లేదు, ఇప్పుడు ఈ పేజీ తెరిచిన బ్రౌజర్‌లోనే ఉంది. జావాస్క్రిప్ట్‌లో ఒక ఆబ్జెక్ట్ దగ్గర మెథడ్ లేకపోతే దాని ప్రోటోటైప్‌లో వెతుకుతుంది. అక్కడ దొరికిన మెథడ్ నడిచేటప్పుడు "దిస్" అంటే ప్రోటోటైప్ కాదు, మీరు మొదట పిలిచిన ఆబ్జెక్టే. లీబర్‌మన్ చెప్పింది అదే. ఈ దారిని సెల్ఫ్ అనే భాష ముందే చూపించింది, 1995లో జావాస్క్రిప్ట్ రాసిన బ్రెండన్ ఐక్ ప్రోటోటైప్‌ల ఆలోచన అక్కడి నుంచే తీసుకున్నారు.

మరి కోట్లిన్‌లో మావయ్యకి మెసేజ్ ఎలా పంపాలి? లోపలి క్లాస్‌కి "అమ్మినప్పుడు వీళ్లకి చెప్పు" అని ఒక లిజనర్‌ని బయట నుంచి ఇచ్చాను. బాబాయి చేతికి శుభలేఖలతో పాటు నాన్న ఫోన్ నంబరు కూడా ఇచ్చినట్టు. ఒకటి అమ్మినా పది అమ్మినా లోపలి మెథడ్ ఆ లిజనర్‌ని పిలుస్తుంది. ఐఫోన్ యాప్‌లు రాసేవాళ్లు డెలిగేట్ అనేది ఎక్కువగా ఈ అర్థంలోనే వాడతారు. టేబుల్‌వ్యూ ఒక వరుసని నొక్కగానే ఏం చెయ్యాలో తనకి తెలీదు, తన డెలిగేట్‌ని అడుగుతుంది. అక్కడ డెలిగేట్‌ని వీక్ రిఫరెన్స్‌గా పెట్టుకోవాలి, లేకపోతే ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని మెమరీ వదలరు.

"బై"తో ఇంకో రెండు దెబ్బలు

స్టాక్ ఎక్కువయ్యాక మెమరీలో ఉన్న సెట్ బదులు డేటాబేస్ నుంచి చదివే సెట్ పెడదామనుకున్నాను. లోపలి అనేదాన్ని వాల్ నుంచి వార్ చేసి, యాప్ నడుస్తుండగా కొత్తది పెట్టాను. అప్పుడు వింత మొదలైంది. ఫోన్ స్కాన్ చేస్తే కలిసింది అంటుంది, వెంటనే ఉందా అని అడిగితే లేదంటుంది. విషయం ఏంటంటే, "బై" పక్కన ఇచ్చిన ఆబ్జెక్ట్‌ని కోట్లిన్ ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడే ఒకసారి పట్టుకుని దాచుకుంటుంది. తర్వాత వార్‌ని మార్చినా అది పాతదాన్నే పిలుస్తుంది. నేను చేత్తో రాసిన యాడ్ కొత్త సెట్‌కి వెళ్తోంది, కంపైలర్ రాసిన కంటైన్స్ పాత సెట్‌కి వెళ్తోంది. నడిమధ్యలో మార్చాల్సిన అవసరం ఉంటే "బై" వాడకండి, ఆ మెథడ్‌లు చేత్తో రాసుకోండి.

రెండోది చిన్నది. ఈక్వల్స్, హ్యాష్‌కోడ్, టుస్ట్రింగ్ అనేవి "బై" ద్వారా వెళ్లవు. స్టాక్‌సెట్‌ని ప్రింట్ చేస్తే నంబర్లు రావు, క్లాస్ పేరు పక్కన ఏదో హ్యాష్ వస్తుంది. కావాలంటే మీరే ఓవర్‌రైడ్ చెయ్యాలి.

పైథాన్ వాళ్లకి కూడా ఇలాంటిది ఉంది. అక్కడ గెట్‌అట్ర్ అనే డండర్ మెథడ్ ఒక్కటి రాస్తే, ఆబ్జెక్ట్‌లో లేని ఏ పేరునైనా లోపలి ఆబ్జెక్ట్‌కి పంపెయ్యొచ్చు, రెండు లైన్ల పని. కానీ లెన్ ఫంక్షన్ పిలిస్తే ఎర్రర్ వస్తుంది. అలాంటి ప్రత్యేక మెథడ్‌లని పైథాన్ ఆబ్జెక్ట్‌లో కాకుండా నేరుగా క్లాస్‌లో వెతుకుతుంది, గెట్‌అట్ర్ దాకా రాదు. రూబీలో మెథడ్‌మిస్సింగ్ ఇలాంటిదే.

మీ ఫోన్‌లో ఇది ఎక్కడుంది?

ఒక యాప్ సెట్టింగ్స్‌లో డార్క్ మోడ్ ఆన్ చేసినప్పుడు, చాలా ఆండ్రాయిడ్ యాప్‌లలో వెనకాల ఆ పని చేసేది యాప్‌కంపాట్‌డెలిగేట్ అనే క్లాస్. పేరులోనే ఉంది. యాప్‌కంపాట్‌యాక్టివిటీలో సెట్‌కంటెంట్‌వ్యూ పిలిస్తే అది తను చెయ్యదు, ఆ డెలిగేట్‌కి పంపుతుంది. లాభం ఏంటంటే, మీ యాక్టివిటీ వేరే క్లాస్ నుంచి వచ్చినా ఆ డెలిగేట్‌ని పక్కన పెట్టుకుని అవే సదుపాయాలు వాడుకోవచ్చు. జావాలో, కోట్లిన్‌లో ఒక క్లాస్‌కి ఒక్క తండ్రే ఉండాలి. అప్పగించడానికి మాత్రం ఎంతమందినైనా పెట్టుకోవచ్చు.

మన రివ్యూల్లో ఏఐ ఫీచర్ల స్పీడ్ గురించి రాసినప్పుడు జీపీయూ డెలిగేట్ అన్న మాట చూసుంటారు. టెన్సర్‌ఫ్లో లైట్‌లో మోడల్ లెక్కల్లో జీపీయూ చెయ్యగలిగినవి దానికి అప్పగించి, మిగతావి సీపీయూనే చేసుకుంటుంది. ముక్కలు ముక్కలుగా అప్పగిస్తే డేటా అటూ ఇటూ మోసుకెళ్లడానికే టైం పోయి, మొత్తం సీపీయూ మీద నడిపినదానికన్నా నెమ్మది కావచ్చు కూడా. ఇది మెథడ్ కాల్ స్థాయి విషయం కాదు కాబట్టి ఇంతటితో వదిలేస్తున్నాను.

ఇన్‌హెరిటెన్స్ అసలే వాడొద్దా అని అడిగితే, వాడతాను. వారసులు వస్తారని తెలిసి, ఏ మెథడ్ దేన్ని పిలుస్తుందో రాసిపెట్టిన క్లాస్ అయితే వాడతాను. ఆండ్రాయిడ్‌లో యాక్టివిటీ, ఫ్రాగ్మెంట్ అలాంటివే. కోట్లిన్‌లో మామూలు క్లాస్ ముందు ఓపెన్ అని రాస్తే తప్ప దాన్ని ఎవరూ ఇన్‌హెరిట్ చెయ్యలేరు. మొదట్లో ఇది చాదస్తం అనిపించేది. ఇప్పుడు నాకు చాలా నచ్చిన రూల్ అదే. నా హ్యాష్‌సెట్ జావా నుంచి వచ్చింది, అది అందరికీ తెరిచే ఉంది, అందుకే నేను దొరికిపోయాను.

బగ్ దొరికిన రోజే మావయ్యకి ఫోన్ చేసి తప్పు నాదని చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం బండేసుకుని తనే ఆ కుర్రోడి ఇంటికి వెళ్లారు. ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ నాకు చెప్పలేదు. వాడు నాలుగో రోజు పనికొచ్చాడు, తాళం మళ్లీ వాడి దగ్గరే ఉంది.

తర్వాత నేను షాపుకి వెళ్లినప్పుడు ఆ "తేడా" స్క్రీన్ మార్చి చూపించాను. ఇప్పుడు అంకె ఒక్కటే చూపించదు. ఏ ఐఎంఈఐలు లేవో లిస్టు కూడా ఇస్తుంది. అంకె తేడా ఉండి లిస్టు ఖాళీగా ఉంటే "యాప్ లెక్క తప్పు" అని చెప్తుంది. కుర్రోడు రెండుసార్లు అటూ ఇటూ నొక్కి చూసి, "బానే ఉందన్నా" అన్నాడు. కౌంటర్ కింద వాడిది ఒక పొడుగు నోటుబుక్ కనపడింది. బాక్స్ వచ్చిన ప్రతిసారీ తేదీ వేసి, ఐఎంఈఐ చివరి ఆరు అంకెలు పెన్నుతో రాసుకుంటున్నాడు. యాప్ సరైపోయింది కదా, ఇంకా ఎందుకురా అని అడిగాను.

"ఉండనీండన్నా" అని నవ్వి, కస్టమర్ వస్తే లేచాడు.